పది గడియల దూరం

తెలుగువారి పాత కొలతల్లో దూరానికి ఆమడ, కాలానికి గడియ ప్రసిద్ధమైనవి. ఆమడ అంటే నాలుగు క్రోసులు. ఇప్పటి లెక్కలో ఇంచుమించు 8 మైళ్లు, అంటే దాదాపు 13 కిలోమీటర్లు. గడియ అంటే 24 నిమిషాలు. గడియను పంచాంగం ఇంకా వదలలేదు. ఆమడ మాత్రం సామెతల్లోను, కావ్యాల్లోను తలదాచుకొంది. ఆ పాత కొలతలతో ఒక కొత్త దారిని కొలిచి చూడవచ్చు. హైదరాబాదు శివార్లలోని శంషాబాదు విమానాశ్రయానికీ, దుబాయి విమానాశ్రయానికీ మధ్య దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. అంటే కొంచెం తక్కువగా 200 ఆమడలు. రోజుకు రెండు ఆమడలు నడిచే బాటసారికి, నడుమ సముద్రమే లేకపోతే, అది నూరు రోజుల నడక. విమానానికి నాలుగు గంటలు, అనగా పది గడియలు.

ఈ దారిని ఎన్నుకోవడానికి కారణం ఉంది. ఉత్తర తెలంగాణ పల్లెల్లో దుబాయి అనేది ఒక నగరం పేరుగా మిగలలేదు. మస్కట్టుకు పోయినవాడూ, కువైట్టుకు పోయినవాడూ, సౌదీకి పోయినవాడూ ఊరివారి నోట 'దుబాయి పోయినవాడే'. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఆ ప్రాంతంలో ఒక మాట వాడుకలో ఉంది. వాననీటిమీద ఆధారపడిన సేద్యం కూడు పెట్టనప్పుడు పల్లె మనిషికి దొరికిన మూడు దారులవి. అంత్యప్రాస కోసం కట్టిన మాటలా వినిపించినా, అందులో ఒక క్రమం ఉంది. సింగరేణి గనులు ఇంటికి దగ్గర, బొంబాయి మిల్లులు దూరం, దుబాయి మరీ దూరం. అయితే నాలుగు గంటల ప్రయాణాన్ని మరీ దూరమని ఎందుకనాలి? జగిత్యాల నుంచి బొంబాయికి బస్సులో పోయినా అంతకు మూడింతలకు పైగా పడుతుంది. ఈ ప్రశ్నకు సమాధానం భూగోళ పాఠంలో కొంత ఉంది. మిగిలింది వేరే చోట ఉంది.

ముందు ఆకాశం సంగతి. రెండు విమానాశ్రయాల మధ్య దూరమని పట్టికల్లో ఇచ్చేది, గుండ్రని భూమి ఉపరితలం మీద ఆ రెండు బిందువులను కలిపే అతి చిన్న దారి. విమానం సరిగ్గా ఆ గీత మీదనే పోదు. దానికి నిర్ణయించిన ఆకాశమార్గాలుంటాయి. లేచేటప్పుడు, దిగేటప్పుడు గాలివాలును బట్టి చుట్టు తిరగవలసి ఉంటుంది. శంషాబాదులో లేచిన విమానం వాయవ్యంగా మళ్లి, మహారాష్ట్ర మీదుగా పోయి, ముంబాయి పరిసరాల్లో తీరం దాటి అరేబియా సముద్రం మీదికి వస్తుంది. ఆపైన ఒమన్ సింధుశాఖ, ఒమన్ కొండలు దాటితే ఎడారి అంచున దుబాయి. నేలకు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, గంటకు సుమారు 850 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఈ దూరాన్ని మూడు గంటల్లో ముగించాలి. కాని నేల మీద బారులు తీరి కదలడానికీ, మెల్లగా ఎత్తుకు ఎక్కడానికీ, మెల్లగా దిగడానికీ, దిగే వంతు కోసం కాచుకోవడానికీ మిగిలిన గంట ఖర్చవుతుంది. 

గాలి లెక్క కూడా ఒకటుంది. గోదావరిలో ఏటికి ఎదురీదే పడవకూ, ఏటి వాలున పోయే పడవకూ ఉన్న తేడాయే ఇక్కడా ఉంటుంది. శీతకాలంలో అరేబియా ద్వీపకల్పం మీదా, ఉత్తర భారతం మీదా ఆ ఎత్తున పడమటి గాలి బలంగా వీస్తుంది. ఆ గాలి వేగం గంటకు 100 కిలోమీటర్లనుకొంటే, పోయేటప్పుడు విమానం వేగం నేలతో పోల్చితే 750కి తగ్గుతుంది; వచ్చేటప్పుడు 950కి పెరుగుతుంది. మొదటి లెక్కన ఆకాశంలో గడిపే కాలం 3 గంటల 24 నిమిషాలు, రెండవ లెక్కన 2 గంటల 41 నిమిషాలు. తేడా ముప్పావుగంటకు రెండు నిమిషాలు తక్కువ. అందుకే దుబాయి నుంచి ఇంటికి వచ్చే ప్రయాణం సాధారణంగా మూడున్నర గంటల్లో ముగుస్తుంది. ఇంటికి పోయేటప్పుడు దారి తొందరగా సాగినట్లుంటుందని ఎవరైనా అంటే, ఈ దారి విషయంలో అది మనసు చేసిన మాయ కాదు.

టికెట్టు చూసినవాడికి మాత్రం ఇదంతా తలకిందులుగా కనిపిస్తుంది. శంషాబాదులో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరే విమానం దుబాయికి ఉదయం 6.30కి చేరుతుందని టికెట్టులో ఉంటుంది. అంటే రెండున్నర గంటలే. తిరుగు టికెట్టులో రాత్రి 10 గంటలకు బయలుదేరి తెల్లవారుజామున 3 గంటలకు చేరుతుందని ఉంటుంది. అంటే అయిదు గంటలు. పోవడానికి రెండున్నర, రావడానికి అయిదు ఎట్లా అవుతాయని కలతపడిన ముసలి తల్లిదండ్రులు పల్లెల్లో తక్కువమందేమీ కాదు. చిక్కంతా గడియారాలది. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. భారతదేశం తన గడియారాన్ని 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానికి కట్టుకొంది. ఆ రేఖ కాకినాడకు సమీపంగా పోతుంది. దుబాయి గడియారం 60 డిగ్రీల రేఖాంశానిది. నడుమ తేడా 22½ డిగ్రీలు, అంటే గంటన్నర. టికెట్టులోని రెండు సమయాలూ రెండు ఊళ్ల సమయాలు. పోయేటప్పుడు ఆ గంటన్నరను కలిపి, వచ్చేటప్పుడు తీసివేస్తే నిజమైన ప్రయాణకాలం తేలుతుంది. పైనున్న రెండున్నర నాలుగవుతుంది, అయిదు మూడున్నరవుతుంది. విమానం ఎక్కినవాడికి గంటన్నర కలిసి వచ్చినట్లు కనిపిస్తుంది కాని, తిరిగి రాగానే అది వడ్డీ లేకుండా తీరిపోతుంది. దుబాయి ప్రయాణంలో వడ్డీ లేని బాకీ బహుశా అదొక్కటే.

ఈ రెండు తీరాల నడుమ రాకపోకలు విమానంతో మొదలైనవి కావు. ముత్యాలు, ఖర్జూరాలు, బట్టలు, బియ్యం మోసిన తెరచాపల ఓడలు శతాబ్దాలుగా ఆ సముద్రాన్ని దాటాయి. తరువాత బొంబాయి నుంచి పొగఓడలు గల్ఫు రేవులన్నింటినీ తాకుతూ రోజుల తరబడి సాగేవి. 1932లో లండన్ నుంచి ఇండియాకు వచ్చే విమానాలు ఆగడానికి దుబాయి పొరుగున ఉన్న షార్జాలో ఒక విడిది కట్టారు. దుబాయిలో విమానాశ్రయం 1960లో ప్రారంభమైంది. అప్పటికి ఆ ఊరు రూపాయల్లోనే బతికేది. గల్ఫు ప్రాంతం కోసమని భారత రిజర్వు బ్యాంకు 1959లో ప్రత్యేకంగా నోట్లు ముద్రించింది. 1966 వరకు అవి దుబాయి బజారులో చెలామణి అయ్యాయి. ఆ 1966లోనే దుబాయి సముద్రంలో చమురు బయటపడింది. 1973లో చమురు ధర పెరిగాక గల్ఫు దేశాల్లో రోడ్లు, రేవులు, మేడలు ఒక్కుమ్మడిగా లేచాయి. కట్టేందుకు చేతులు కావలసి వచ్చాయి. ఒకప్పుడు ఇక్కడి రూపాయి అక్కడ చెల్లిన చోటికి, రూపాయిని వెతుక్కొంటూ ఇక్కడి మనిషి పోవలసి రావడం చరిత్ర చేసిన ఎత్తిపొడుపు.

తొలితరంవారికి శంషాబాదు లేదు. వారిలో చాలామంది రైలెక్కి బొంబాయి చేరి, అక్కడ ఏజెంట్ల చుట్టూ తిరిగి, ఇరుకు గదుల్లో వీసా కోసం కాచుకొని, అక్కడి నుంచే విమానమెక్కేవారు. హైదరాబాదుకు చాలాకాలం బేగంపేట విమానాశ్రయమే దిక్కు. 2008 మార్చి 23న శంషాబాదులో కొత్త విమానాశ్రయం మొదలైంది. దానితో పల్లెకు, ఎడారికి మధ్య ఒక మజిలీ తగ్గింది.

తగ్గినా, ఇంటి గడప నుంచి లెక్కించినప్పుడు దారి పొడవు వేరుగా ఉంటుంది. జగిత్యాల దగ్గరి ఒక పల్లె నుంచి బయలుదేరే తాపీమేస్త్రీని ఊహించుకోవచ్చు. విమానం తెల్లవారుజామున నాలుగింటికి. అతడు ముందురోజు మధ్యాహ్నం భోంచేసి బయలుదేరతాడు. హైదరాబాదుకు సుమారు 200 కిలోమీటర్లు. పల్లె వెలుగులో మండలానికి, అక్కడి నుంచి ఎక్స్‌ప్రెస్సులో జూబ్లీ బస్‌స్టేషనుకు అయిదారు గంటలు. అక్కడి నుంచి నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి. విమానాశ్రయానికి ఆర్టీసీ నడిపే బస్సుకు 'పుష్పక్' అని పేరు. లంక నుంచి అయోధ్యకు ఎందరు ఎక్కినా మరొకరికి చోటు మిగిలిన విమానం పేరును, నిజమైన విమానానికి కాక దాని గుమ్మం దాకా దించే బస్సుకు పెట్టడం ఎవరి ఆలోచనో గాని చక్కగా ఉంది. విమానాశ్రయంలో మూడు గంటల ముందుండాలి. 2,550 కిలోమీటర్లకు నాలుగు గంటలు పట్టేచోట, మొదటి 200 కిలోమీటర్లకూ, ఆ నిరీక్షణకూ కలిపి పన్నెండు గంటలు దాటుతాయి.

ఆ మేస్త్రీ పక్క సీటులోనే, 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాను చూడబోయే విహారయాత్రికుడు కూర్చుని ఉండవచ్చు. ఇద్దరికీ ఒకే ఎత్తు, ఒకే వేగం, ఒకే భోజనం. యాత్రికుడు నాలుగు రోజుల్లో తిరిగి వస్తాడు. మేస్త్రీ రెండేళ్లకో మూడేళ్లకో వస్తాడు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఆలస్యంగా వస్తాడు. అతడు పోతున్నది యాత్రికుడు చూడబోతున్న మేడల వంటివి కట్టడానికే. యాత్రికుని టికెట్టు మీద రెండు తేదీలుంటాయి. మేస్త్రీ టికెట్టు మీద ఒకటే ఉంటుంది. దూరాన్ని తేల్చేది ఆ రెండవ తేదీ.

అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుని కథ తెలియని తెలుగు విద్యార్థి ఉండడు. వరణానది ఒడ్డున అరుణాస్పదపురంలో అగ్నిహోత్రం, అతిథిపూజ తప్ప మరొకటి ఎరగని గృహస్థుడు, ఒక సిద్ధుడు ఇచ్చిన పసరు పాదాలకు పూసుకొని హిమాలయం చేరుతాడు. పోవడంలో అతనికి ఏ కష్టమూ లేదు. చూడవలసినవి చూసి, ఇంటికి మరలుదామనుకొన్నప్పుడు మంచుకు పసరు కరిగిపోయిన సంగతి తెలుస్తుంది. పొద్దున లేని దూరం మధ్యాహ్నానికి పుట్టుకొస్తుంది. కొండ కదలలేదు, ఊరు కదలలేదు. పాదాల మీది పసరు మాత్రం లేదు. ఈ ఘట్టంలో పాఠకులు సాధారణంగా వరూధిని కోసం ఎదురు చూస్తారు, పరీక్షల్లో ప్రశ్నలూ ఆమె మీదనే వస్తాయి. కాని పసరు కరిగిందని తెలిసిన ఆ క్షణం కూడా అంతటి గొప్పదే. పోవడానికి ఒకరి దయ సరిపోయింది. రావడానికి ఆ దయ తన చేతిలో లేదని ప్రవరునికి అప్పుడు తెలుస్తుంది.

గల్ఫు కార్మికుని పసరు, అతని పాస్‌పోర్టు. దానిని యజమాని దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధమే అయినా, పెట్టుకొన్నవారు ఉన్నారు. వీసా ఇప్పించినవాడు ఒకడు, పని చూపినవాడు మరొకడు అయినప్పుడు, జీతం అందక కార్మికుడు ఆ చోటు వదిలి మరో చోట పనికి కుదిరినప్పుడు, అతని ఉనికికి చట్టం ఇచ్చిన ఆధారం కరిగిపోతుంది. గడువు దాటి ఉన్న ప్రతి రోజుకూ 50 దిర్హాముల జరిమానా. ఏడాదికి అది 18,250 దిర్హాములు. నాలుగు గంటల దూరం రోజుకు 50 దిర్హాముల చొప్పున పెరుగుతూ పోతుందన్నమాట. కట్టలేనివాడు దాగి ఉంటాడు, దాగి ఉన్నవాడు సంపాదించలేడు, సంపాదించలేనివాడు కట్టలేడు. అక్కడి ప్రభుత్వం 2018లోను, 2024లోను ఇటువంటివారికి క్షమాభిక్ష ప్రకటించి, జరిమానా లేకుండా స్వదేశానికి పోవచ్చునన్నది. ప్రవరునికి అగ్నిదేవుడు దారి చూపినట్లే, ఆ నెలల్లో ఎందరికో ఇంటిదారి తెరుచుకొంది.

ఇక్కడొక విషయం కళాశాల విద్యార్థులు గమనించదగినది. 1983 నాటి వలసల చట్టం కింద, పదో తరగతి పాసు కాని కార్మికుడు గల్ఫు వంటి దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ప్రభుత్వాధికారి అనుమతి పొందాలన్న నియమం వచ్చింది. యజమాని ఎవరు, జీతమెంత అని విచారించి, మోసం నుంచి కాపాడడానికే ఆ ఏర్పాటు. ఆ వరుసలో నిలబడడం ఇష్టంలేక, లేదా ఏజెంటు చెప్పినందుకు, విహారయాత్ర వీసా మీద పోయి పనిలో చేరినవారే తరువాత ఎక్కువ ఇక్కట్లు పడ్డారు. దగ్గరిదారి అనుకొన్నది దూరమైంది. కడప ప్రాంతం నుంచి, కోనసీమ నుంచి ఇంటిపనికి కువైట్టు పోయిన స్త్రీల కథలు కూడా చాలావరకు ఇటువంటివే. వారు పని చేసేది నాలుగు గోడల మధ్య కాబట్టి వారి కష్టం బయటికి రావడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

అన్ని కాగితాలూ సవ్యంగా ఉన్నవాడికి కూడా దారి మూతబడిన కాలం ఒకటి వచ్చింది. 2020 మార్చి 23 నుంచి కరోనా కారణంగా భారతదేశానికి నడిచే అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. మే 7న 'వందే భారత్' పేరుతో ప్రభుత్వం ప్రత్యేక విమానాలు మొదలుపెట్టేదాకా, పనులు మూతబడిన కార్మికులు ఇరుకు శిబిరాల్లో ఉండిపోయారు. ఆ తరువాత కూడా సీటు దొరకడం పేరు నమోదు మీద, వంతు మీద ఆధారపడింది. మామూలు పద్ధతిలో విమానాలు పూర్తిగా తిరిగి మొదలైంది 2022 మార్చి 27న. ఆ రెండేళ్లలో ఊళ్లో తల్లి చనిపోతే కొడుకు ఫోను తెరమీదనే కడసారి చూసిన ఇళ్లున్నాయి. దూరం పట్టికలో అప్పుడూ 2,550 కిలోమీటర్లే.

మనిషి అక్కడే కన్నుమూసినప్పుడు ఈ దారి మరింత పొడవవుతుంది. ఆసుపత్రి మరణపత్రం ఇవ్వాలి. పోలీసులు విచారణ ముగించాలి. యజమాని వీసా రద్దు చేయించాలి. భారత దౌత్య కార్యాలయం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. శరీరం చెడకుండా మందులు పట్టించాలి. ఆపైన సరుకుల విభాగంలో చోటు దొరకాలి. కాగితాలన్నీ చకచకా కదిలితే కొద్ది రోజులు. యజమాని తప్పించుకొని తిరిగితే, వీసా గడువు దాటి ఉంటే, వారాలు. శంషాబాదులో ఆ పెట్టె ప్రయాణికుల గుమ్మం నుంచి రాదు. పోయేటప్పుడు అతడు నడిచిపోయిన ద్వారం ఒకటి, వచ్చేటప్పుడు సంతకం పెట్టి తీసుకొనే ద్వారం వేరొకటి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, నిర్మల్ వైపు అంబులెన్సు పోయే దారిలో, పుష్పక్ బస్సులు ఎదురుగా వస్తూ ఉంటాయి.

అయినా పల్లె ఈ దూరాన్ని కొలవడం మానలేదు. తనకు చేతనైన కొలతతో కొలుస్తూనే ఉంది. ఆ ఇళ్లలో గోడమీద ఒకే గడియారం ఉన్నా మనసులో రెండు నడుస్తాయి. అక్షరం రాని అవ్వకు కూడా గంటన్నర తీసివేత నోటికి వచ్చు. ఇక్కడ పొద్దున ఏడున్నర అయితే అక్కడ ఆరు, పనికి బస్సెక్కే వేళ. అక్కడ సాయంత్రం ఆరు అంటే ఇక్కడ దీపాలు పెట్టాక ఏడున్నర. వేసవిలో, జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా మండుటెండలో ఆరుబయట పని చేయించరాదని ఆ దేశంలో నియమం ఉంది. ఆ సమయం ఇక్కడి గడియారంలో రెండు నుంచి నాలుగున్నర. ఆ నెలల్లోనే తెలంగాణలో వరినాట్లు పడతాయి. భర్త దుబాయిలో ఉన్న ఇల్లాలు నాటుకు దిగేటప్పుడు ఫోనును ప్లాస్టిక్ సంచిలో చుట్టి గట్టున పెడుతుంది. రెండు దాటిందంటే, వరుస గట్టుకు దగ్గరగా వచ్చేటట్లు చూసుకొని నాటు వేస్తుంది.